ఏటి పేరు మోయుచున్న ఊరు

ఖమ్మము జిల్లా కూసుమంచి మండలమున పాలేరు అను చిన్న గ్రామము కలదు. ప్రక్కన పారు ఏటి పేరే ఊరికి పేరైనది. ఇట్టి ఊళ్లు తెలుగునాట అరుదు కావు. అదే జిల్లాలో వైరా యేటి ఒడ్డున వైరా ఉన్నది. తూర్పుకనుమలలో సీలేటి ఒడ్డున సీలేరు ఉన్నది. నారాయణపేట జిల్లాలో రైలుమార్గము కృష్ణను దాటుచోట కృష్ణ యనియే ఒక ఊరున్నది. దేవుని బట్టియో, కట్టించిన ప్రభువును బట్టియో, చెట్టును బట్టియో, చెరువును బట్టియో ఊరికి పేరు వచ్చుట ఎట్టిదో, ఏటిని బట్టి వచ్చుటయు అట్టిదే. అయినను ఒక భేదము కలదు. ప్రభువు గతించును, చెట్టు కూలును. పిదప ఊరికి మిగిలిన పేరు వట్టి జ్ఞాపకము. ఏటి సంగతి అట్లు కాదు. పేరిచ్చినదియు, పుచ్చుకొన్నదియు ప్రక్కప్రక్కనే బ్రదుకుచుండును. ఒకదానికి కలిగిన మార్పు రెండవదానిని తాకకుండ పోదు.

పాలేటి విషయమున ఈ మార్పు వింతగా జరిగినది. ఊరి పేరు పెరిగి పెద్దదైనది. పేరిచ్చిన ఏరు చిన్నబోయినది. పాలేరను పేర నేడొక జలాశయము కలదు. ఒక శాసనసభా నియోజకవర్గము కలదు. జిల్లాకు చెందిన జవహర్ నవోదయ విద్యాలయము ఆ ఊరనే ఉన్నది. మత్స్య పరిశోధన కేంద్రమొకటి ఉన్నది. పత్రికలో పాలేరను మాట కంటబడినప్పుడు చదువరికి ముందుగా తోచునది ఎన్నికలు, తరువాత జలాశయము, ఊరు మూడవది. ఏరు తోచనే తోచదు. ఆ నియోజకవర్గమున ఓటు వేయువారిలో ఆ పేరు ఏటిదని ఎన్నడును తలచనివారు అనేకులుందురు. పిల్లలకు ఆ సంగతి చెప్పవలసిన పాఠ్యపుస్తకము కూడ లేదు. ఉపాధ్యాయుడు చెప్పినచో తెలియును, చెప్పనిచో లేదు.

ఏరు పెద్దది కాదు. వరంగల్లు ప్రాంతపు మెట్టనేలలలో పుట్టి, దక్షిణముగా దిగి, ఖమ్మము, సూర్యాపేట జిల్లాల సరిహద్దు ప్రాంతమున సాగి, జగ్గయ్యపేట చెంత కృష్ణలో కలియును. కృష్ణకు ఎడమవైపునుండి వచ్చు ఉపనదులలో మూసికిని మున్నేటికిని నడుమ దీని తావు. మూసికి హైదరాబాదు కలదు. మున్నేటికి ఖమ్మము కలదు. పాలేటికి పట్టణము లేదు. తన పేరు మోయు పల్లె యొకటి మాత్రము కలదు. కవులును దీనిని పట్టించుకొన్నట్లు కానరాదు. ఉత్తరమున అడవిలో పారు కిన్నెరసానికి విశ్వనాథ సత్యనారాయణగారు దొరకిరి. ఆ వాగు పేరు తెలుగు చదివిన ప్రతివానికిని తెలియును. పాలేటికి అట్టి భాగ్యము పట్టలేదు. దానికి సాహిత్యము దాని పేరే.

ఆ పేరును తెలుగు పాఠముగా చదువవచ్చును. ఏరు అను మాటలు తెలుగున రెండు కలవు. నదికి పేరైన మాటను పెద్దలు బండిఱతో ‘ఏఱు’ అని వ్రాసిరి. నాగలికి పేరైన ‘ఏరు’ వేరు. ఏరువాకలో నిలిచియున్నది అది. నేటి వ్రాతలో బండిఱ పోయినందున రెండును ఒక్క రూపముననే కనిపించును. కాని బండిఱ లిపిలో పోయినను వ్యాకరణమున పోలేదు. నది పేరుపై విభక్తి చేరునపుడు ఏరు ‘ఏటి’ యగును: ఏటి ఒడ్డు, ఏటి నీరు, మున్నేటి వంతెన, పాలేటి గట్టు. నూఱు ‘నూటి’ యగుటయు ఈ త్రోవనే. అక్షరమాలలో బండిఱ ఎందులకని అడుగు విద్యార్థికి ఇంతకన్న మంచి సమాధానము దొరకదు. వాడు నిత్యము పలుకు ‘ఏటి’ అను మాటలోని టకారము ఆ పాత అక్షరపు జాడయే. తమిళమున నదిని ‘ఆఱు’ అందురు. అక్కడను విభక్తిలో ఱకారము టకారముగనో, దానికి దగ్గరి ధ్వనిగనో మారును. అక్కాచెల్లెండ్రయిన భాషలు రెండును ఒకే మాటను వేలయేండ్లుగా దాచుకొన్నవనుటకు ఇది సాక్ష్యము.

ఇక ముందున్న ‘పాలు’ సంగతి. ఇక్కడ తొందర పనికిరాదు. పాలనగా క్షీరమని చాలమంది చెప్పుదురు. కర్ణాటకమున నందికొండల ప్రాంతమున పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పపు సీమను దాటి, తమిళదేశము చేరు పాలారుకు సంస్కృతమున క్షీరనది యని పేరు పెట్టిరి గనుక ఈ అర్థమునకు బలము కలదు. కాని పాలు అనగా భాగమనియు అర్థమున్నది. రెండు సీమలను పంచిన ఏరు గనుక పాలేరు అనువాడొకడు బయలుదేరవచ్చును. వినుటకు బాగుగనే ఉండును. పాల అను చెట్టును కలదు. వేసవిలో పసుపుపచ్చని పాలపండ్లు పల్లెటూరి పిల్లలెరుగుదురు. ఆ చెట్లు ఒడ్డున పెరిగిన ఏరు పాలయేరు, పాలేరు కాకూడదా? సంధి మూడింటికిని కుదురును. అర్థము మూడింటికిని పొసగును. ఇట్టిచోట ఊహ ఎంత అందమైనదైనను నిర్ణయము కాదు. పాత శాసనములలోని రూపము దొరకవలె. నేల తీరు చూడవలె. అదే పేరుగల ఇతర ఏరులతో పోల్చి చూడవలె. అంతవరకు మూడు అర్థములను విద్యార్థుల ముందు పెట్టి, ఏది ఎందుచేత నమ్మదగినదో వారిచేతనే చెప్పించుట మేలు. ఒక అర్థమును ఒప్పజెప్పించుటకన్న ఆ విమర్శ వారికి ఎక్కువ ఉపకరించును.

పోల్చి చూచుటకు ఒక చిత్రమైన సంగతి కలదు. ప్రకాశము జిల్లాలో తూర్పుగా సముద్రమునకు పారు చిన్న ఏరులలోను పాలేరు ఒకటి ఉన్నది. అంతేకాదు, దాని పొరుగున మూసి యను ఏరున్నది. మన్నేరు అను ఏరును ఉన్నది. కృష్ణకు ఉత్తరమున మూసి, పాలేరు, మున్నేరు. దక్షిణమున మూసి, పాలేరు, మన్నేరు. మూడు పేర్లలో రెండు ఒకటియే, మూడవది దానికి చుట్టమువలె నున్నది. ఇది కాకతాళీయమా? ఒక ప్రాంతమున నుండి మరియొక ప్రాంతమునకు తరలిన జనము తమ ఏళ్ల పేర్లను వెంట తీసికొనిపోయినదా? ఊరి పేర్లు అట్లు ప్రయాణము చేయుట అందరెరిగినదే. ఏటి పేర్లు చేయునా? పటము ముందు పెట్టుకొని భూగోళమును తెలుగును ఒకే గంటలో చెప్పదగిన ఇట్టి ప్రశ్నలు పాఠశాలలలో ఎందుకు వినిపింపవో తెలియదు.

పేరు చెప్పుటలో సంస్కృతము వెంట పరుగెత్తు అలవాటు తెలుగువారికి పాతది. పెన్న పినాకిని యైనది, మూసి ముచికుంద యైనది, వాటికి తగిన కథలును పుట్టినవి. కథలు ఉండవచ్చును, వానియందము వానిది. కాని కథ వచ్చినప్పుడు పాత మాట సిగ్గుపడి తప్పుకొనుట మంచిది కాదు. ఏరు, వాగు, వంక, కయ్య, మడుగు అను మాటలు నీటి నడకను బట్టి నేలమీద మనుష్యులు పెట్టుకొన్నవి. వాగునకును ఏటికిని గల భేదము పల్లెటూరి వానికి తెలిసినంత పట్టణమున చదివినవానికి తెలియదు. పాలేరు అను పేరు అందరి నోళ్లలో మార్పు లేకుండ నిలిచినందుకు సంతోషింపవలెను.

అయితే ఆ పేరుకు మరియొక చిక్కున్నది. దానిని ఉపాధ్యాయుడు గమనింపవలసియున్నది. కోస్తా జిల్లాల వాడుకలో పాలేరు అనగా ఏడాది జీతమునకు రైతు ఇంట పనిచేయు మనిషి. తెలంగాణమున ఆ మనిషిని ఎక్కువగా జీతగాడందురు గనుక ఆ గ్రామమున పుట్టిన పిల్లవానికి తన ఊరిపేరులో వేరర్థము తోచదు. వాడు పై చదువులకై గుంటూరో విజయవాడో పోయి, ‘మాది పాలేరు’ అన్నప్పుడు ప్రక్కవాడు నవ్వినచో నిలువున నీరగును. చిన్న మాటయే, కాని ఆ వయసున చిన్న మాటలు చిన్నవి కావు. ఊరి పేరు చెప్పుటకు వెనుదీసి జిల్లా పేరు చెప్పి ఊరకుండు పిల్లలు ఎన్నియో ఊళ్లలో ఉన్నారు.

దీనికి మందు రెండు విధములు. ఒకటి వ్యాకరణము. ఏటి పేరు ‘పాలేటి’ యగును. పనివాని పేరు వాడుకలో అట్లు కాదు, పాలేరు జీతము, పాలేరు పని యనియే అందురు. పాలేటి అను ఇంటిపేరుగలవారు ఆంధ్రదేశమున ఉన్నారు. వారిని చూచి ఎవరును నవ్వరు. రెండు మాటలు ఒక్క రూపమునకు వచ్చిచేరినవని తెలిసినవానికి నవ్వు రాదు. కాని ఇంతటితో ఊరకుండుట న్యాయము కాదు. ‘మా ఊరి పేరు ఏటిది, పనివానిది కాదు’ అని చెప్పించుకొని గండము గడచినదనుకొన్నచో పనివాడు నవ్వదగినవాడే యని ఒప్పుకొన్నట్లగును. రెండవ మందు అందులకే. రైతు నాగలి పట్టి దున్నినది, తెల్లవారకముందు ఎడ్లకు మేతవేసినది, ఏటినీరు పొలమునకు మళ్లించినది ఎక్కువగా పాలేర్లే. బోయి భీమన్నగారు పాలేరు అను పేరనే నాటకము వ్రాసి, చదువుకొని పైకి వచ్చు పాలేరును రంగస్థలముమీద నిలువబెట్టిరి. పనివానిని అప్పు పేర కట్టివేయు వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లో వచ్చినది. పల్లెటూరి పిల్లలకు చోటిచ్చుటకై ఏర్పడిన నవోదయ విద్యాలయమొకటి పాలేరను పేరుగల ఊరనే నడచుచున్నది. ఈ సంగతులన్నియు తెలిసిన పిల్లవాడు తన ఊరిపేరును ఏ అర్థమునను తల యెత్తియే చెప్పగలడు.

ఆంగ్ల లిపిలో ఆ ఊరి పేరు వ్రాయు తీరు మరియొక వింత. సర్కారు కాగితములలో దానిని ‘పాలైర్’ అని చదువబడునట్లు వ్రాయుదురు. ‘రు’లోని ఉకారము పోయినది, ‘లే’ ‘లై’ వలె మారినది. ఉర్దూ లిపిలో మాట నడుమ వచ్చు ఏకారమునకును ఐకారమునకును ఒకటే అక్షరము గనుక, నిజాము కాలపు దస్తరములనుండి ఆ రూపము ఆంగ్లమునకు దిగినదని ఊహించుటకు తావున్నది. కారణమేదైనను ఫలితమొకటే. బయటివాడు పేరు చదివినప్పుడు అందులో ఏరు ఉన్నదని తెలియదు. ఊరి పిల్లవాడు తన దరఖాస్తుమీద ఆ వ్రాతనే వ్రాసి వ్రాసి, తానును అట్లే పలుకుటకు మొదలిడును. తెలుగు పేర్లను ఇతర లిపులలో వ్రాయుటకు నిలుకడ గల పద్ధతి ఇంతవరకు కుదరకుండుట చిన్న లోపము కాదు.

ఏటికి కట్ట పడినది 1920 దశకమున. నవాబు అలీ నవాజ్ జంగు హైదరాబాదు రాష్ట్రమున ఇంజనీరుగా ప్రఖ్యాతి గాంచిన కాలమది. పాలేటిమీదను వైరామీదను జలాశయములు వెలసినవి, మెట్టనేల మాగాణియైనది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసిరి; 1967లో కాలువలకు నీరు విడిచిరి. లాల్‌బహదూర్ పేరు పెట్టిన ఎడమకాలువ వచ్చి పాలేరు జలాశయమును కలిసినది. అప్పటినుండి అది ఏటినీటికి మాత్రమే కాక సాగరు నీటికిని తొట్టియైనది. కాలువ క్రింది పొలములకు నీరు సమముగా పంచుటకు అక్కడ నీటిని నిలుపుదురు. 2017 జనవరి 31న ప్రారంభమైన భక్త రామదాసు ఎత్తిపోతల పథకము ఆ జలాశయమునుండియే నీరెత్తి, సుమారు 60,000 ఎకరముల మెట్టకు పారించుటకు ఏర్పడినది. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి అక్కడికి దూరము కాదు.

ఇందులో ఒక విశేషము గమనింపదగినది. పాలేరు పుట్టినది మొదలు కృష్ణను చేరుటకే పారుచున్నది. ఇప్పుడు కృష్ణయే కాలువ త్రోవను ఎదురువచ్చి నడుమనే దానిలో కలిసినది. వేసవిలో జలాశయమున కనిపించు నీటిలో ఏటిపాలు ఎంత, సాగరుపాలు ఎంత? ఊరివారిలో ఎవరిని అడిగినను సాగరు నీరనియే అందురు. ఏటికి ఎగువన వాన ఎట్లు పడినది, వాగులు ఎన్ని వచ్చి చేరినవి, చెరువులు ఎన్ని నిండినవి అను లెక్క వారికి మునుపటివలె అక్కరలేకపోయినది. సాగరు నిండినదా లేదా యనునదే లెక్క. ఇది తప్పని ఎవరును అనజాలరు. పంట పండుటకు నీరు కావలెను, ఏ యేటిదైనను సరియే. అయినను దూరపు నీటిని నమ్ముకొన్న ఊరు దగ్గరి నీటిని చూచుట మానివేయుననుట కండ్లముందరి సత్యము. సాగరుకు నీరు రాని ఏడాది కాలువ క్రింది రైతులు పడిన అవస్థ పెద్దలెరుగుదురు. ఆ ఏడాది మాత్రము ఏటి ఇసుకలో చెలమ త్రవ్వినచోటు ఎక్కడనో ముసలివారిని అడిగి తెలిసికొందురు.

దిగువన ఏటికి మరియొక పని పడినది. అది సరిహద్దైనది. జగ్గయ్యపేట చెంత ఏటికి ఈవల నిజాము రాష్ట్రము, ఆవల మద్రాసు రాష్ట్రము. 1953లో ఆవలిది ఆంధ్రరాష్ట్రమైనది. 1956 నవంబరు 1న రెండును కలిసి, ఏరు సరిహద్దు ఉద్యోగమునుండి విడుదల పొందినది. 2014 జూను 2న మరల ఉద్యోగమున చేరినది. గరికపాడు దగ్గరి పాలేటి వంతెన దాటుటయే హైదరాబాదు, విజయవాడ రహదారిమీద ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవుట. రెండు గట్లమీదను ఒకే భాష, ఒకే వరి, ఒకే మిరప. ఏరు మాత్రము ఏ వైపునకును తెలియనిదైనది. ఎందుచేతననగా ఏ జిల్లా పటము చూచినను అది అంచుమీద సన్నని గీతగనే పడును. అంచునున్నది పాఠమునకు రాదు.

మరచినవారికి ఏరే జ్ఞాపకము చేసినది. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు 1న కురిసిన అతివృష్టికి మున్నేరు ఖమ్మము పట్టణమున ఇండ్లు ముంచగా, పాలేరు నాయకన్‌గూడెము దగ్గర రహదారిమీదికి వచ్చి ప్రాణములు తీసినది. గరికపాడు దగ్గర వంతెన దెబ్బతిని రెండు రాష్ట్రముల నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. ఏటి వెడల్పు ఎంతయో, పూర్వము వరద ఎక్కడివరకు వచ్చెడిదో ఊరివారికి తెలిసియుండెడి కాలమొకటి కలదు. గట్టున ఇల్లు కట్టుకొనువాడు ముసలివారిని అడిగి కట్టుకొనెడివాడు. పేరు మాత్రము మిగిలి ఆ తెలివి పోయినప్పుడు జరుగు నష్టమెట్టిదో ఆ రెండు దినములలో కనబడినది.

పాఠశాలలు చేయదగిన పని పెద్దదేమియు కాదు, ధనము అక్కరలేదు. ఏటి పేరుగల ఊరనున్న పాఠశాల ఆ యేటి వృత్తాంతమును ఒక పుస్తకమున వ్రాసి పెట్టుకొనవచ్చును. ఏడాదికి మూడుమార్లు, ఏరువాకనాడు, దసరానాడు, ఉగాదినాడు, నీరు ఎంతవరకున్నదో ఒక తరగతి పిల్లలు పోయి చూచి తేదీతో వ్రాయవలెను. వరద ఆనవాలు గోడమీద ఎంత ఎత్తున మిగిలినదో కొలిచి వ్రాయవలెను. ఒడ్డున ఏ చెట్లున్నవో, పాలచెట్టు ఒక్కటియైన ఉన్నదో లేదో చూడవలెను. కూసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయమును చూపుటకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులున్నారు, మెచ్చదగినదే. రాతిని చూచుటకు పోయినవారు తిరిగివచ్చు త్రోవలో ఏటిని కూడ చూచిరావచ్చును. జలాశయపు కట్టమీద నిలిచి చూచుట కాదు. కట్టకు దిగువన, ఏటి ఇసుకలో నడచి చూచుట.

వీటన్నింటికన్న తొందరగా జరుగవలసిన పని యొకటి కలదు. ఆ ప్రాంతపు పాత భూమి లెక్కలు, సేత్వార్లు మొదలైనవి, ఉర్దూలో ఉన్నవి. ఏ పొలము ఏటి పోరంబోకు, ఏ మడికి ఏ వాగు నీరు, ఏ మడుగునకు ఏ పేరు అనునది వానియందు దొరకును. 1953 అక్టోబరు 1న ఖమ్మము ప్రత్యేక జిల్లా కాకమునుపు అవి వరంగల్లు జిల్లా దస్తరములు. నేటి తెలుగు ఉపాధ్యాయులలో ఉర్దూ చదువువారు మిక్కిలి కొద్ది. ఉర్దూ మాధ్యమమున చదువుకొని, ఆ దస్తరములను గడగడ చదువగల వృద్ధులు ఊరికి ఒకరో ఇద్దరో ఇంకను ఉన్నారు. ఎనుబదియేండ్లు దాటినవారే వారందరును. వారి ప్రక్కన ఒక విద్యార్థిని కూర్చుండబెట్టి, వారు చదువగా తెలుగున వ్రాయించుటకు ఒక వేసవి సెలవు చాలును.